సూది గుచ్చకుండా సన్న రక్తనాళాల్ని చూసుకోవడం: షుగర్ ఉన్నవాళ్ళు ఏటా చేయాల్సిన పని

మా నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత మూడో వేసవిలో ఒకరోజు అమ్మ దుప్పట్లు ఉతకడానికి తీస్తూ ఆయన కాళ్ళ వైపున రక్తపు మరక చూసింది. "ఇదేంటండీ?" అంటే ఆయనకేమీ తెలియదు. కాలు తిప్పి చూస్తే అరికాల్లో రూపాయి బిళ్ళంత పుండు. చెప్పులోంచి ఒక మేకు మొన పైకి లేచి ఉంది. ఆ చెప్పులేసుకునే ఆయన నాలుగు రోజులుగా పొలానికీ బజారుకీ తిరుగుతున్నారు. నొప్పే తెలియలేదు. ఆ పుండు మానలేదు. చివరికి కుడికాలి వేళ్ళు రెండు తీసేయాల్సి వచ్చింది.

అప్పటికి ఆయనకి షుగర్ ఉందని తెలిసి పదకొండేళ్ళు. మందులు ఒక్కపూట మానేవారు కాదు. రక్తంలో చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.8 ఉండేది. చూసినవాళ్ళందరూ బాగుందనేవారు. ఆ పదకొండేళ్ళలో ఎవరూ ఆయన చెప్పులు విప్పించి పాదం చూడలేదు, కంట్లో చుక్కలు వేసి లోపలి తెర చూడలేదు. నేను స్టాఫ్ నర్సుని. నేనూ చూడలేదు. అప్పట్లో సర్జరీ వార్డులో ఉండేదాన్ని. ఆ తర్వాత కావాలని అడిగి షుగర్ క్లినిక్‌కి మారాను. పద్నాలుగేళ్ళుగా ఒంగోలులో నా పని ఇదే: పాదాలు పరీక్షించడం, కంటి ఫోటోలకి పంపడం, మూత్రం రిపోర్టులు చదివి చెప్పడం.

షుగర్ మన సన్న రక్తనాళాల్ని ఎంతవరకు దెబ్బతీసిందో సూదీ కోతా లేకుండా ఎలా తెలుసుకోవచ్చో ఇక్కడ రాస్తున్నాను. ఏ పరీక్షని ఏ పేరుతో అడగాలి, ముందురోజు ఏం జాగ్రత్త పడాలి, ఇంట్లో మనమే ఏది చేసుకోగలం, ఏ అంకె వస్తే దానర్థం ఏమిటి, ఇవన్నీ చెబుతాను. వైద్యం మాత్రం మీ డాక్టరుగారే చేయాలి.

ముందు ఈ సన్న నాళాల సంగతి. గుండె నుంచి బయల్దేరిన పెద్ద రక్తనాళాలు చీలి చీలి, చివరికి వెంట్రుక మందంలో పదోవంతు ఉండే గొట్టాలవుతాయి. ఎర్ర రక్తకణాలు వాటిలోంచి ఒకదాని వెనక ఒకటి దూరి వెళ్ళాల్సిందే. ఒంట్లో ప్రతి మూలకీ ఆక్సిజన్, ఆహారం అందేది అక్కడే. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే ఈ గొట్టాల గోడలు చెడిపోతాయి. కొన్నిచోట్ల ఉబ్బుతాయి, కొన్నిచోట్ల కారతాయి, కొన్ని పూర్తిగా మూసుకుపోతాయి. ఇది ఒళ్ళంతా జరిగేదే అయినా మనకి ముందుగా దొరికేది మూడు చోట్ల: కంటి లోపలి తెర, కిడ్నీలోని జల్లెడ, పాదాల దాకా వెళ్ళే పొడవాటి నరాలు. చక్కెర నరాన్ని నేరుగానూ పాడుచేస్తుంది, దానికి తిండి పెట్టే సన్న నాళాల్ని ఎండగట్టి కూడా పాడుచేస్తుంది. నాన్న పాదంలో జరిగింది అదే.

హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది. అంతకుముందు పదేళ్ళలో నాళాల గోడలకి ఏమైందో దానికి తెలియదు. పైగా టైప్ 2 షుగర్ చాలామందిలో బయటపడేసరికే కొన్నేళ్ళుగా ఒంట్లో ఉండి ఉంటుంది. అందుకే టైప్ 2 అని తేలగానే కన్ను, కిడ్నీ, పాదం, ఈ మూడూ చూపించుకోవాలి, ఆ తర్వాత ఏటా చూపించుకోవాలి. టైప్ 1 (ఇన్సులిన్ లేనిదే గడవని రకం) వాళ్ళు జబ్బు వచ్చిన ఐదేళ్ళలోపు మొదలుపెట్టాలి. షుగర్ ఉన్న ఆడవాళ్ళు గర్భం దాల్చాలనుకుంటే ముందే కన్ను చూపించుకుని, మొదటి మూడు నెలల్లో మళ్ళీ చూపించుకోవాలి. గర్భంలో ఉన్నప్పుడు కంటి నాళాలు త్వరగా చెడే ప్రమాదం ఉంది.

కన్ను

మన ఒంట్లో రక్తనాళాల్ని కోయకుండా, పొడవకుండా, ఉన్నవి ఉన్నట్టుగా కళ్ళారా చూడగలిగే చోటు కంటి వెనక తెర. దాన్నే రెటీనా అంటారు. 1851లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ కంటిలోకి వెలుగు పంపి ఆ తెరని చూసే సాధనం గురించి పుస్తకం వేశాడు. ఇప్పుడు అదే పని కెమెరా చేస్తోంది.

ఆసుపత్రిలో "కళ్ళు చెక్ చేయించుకోవాలి" అంటే చాలాచోట్ల కళ్ళజోడు పవర్ చూసి పంపేస్తారు. శుక్లం ఉందో లేదో చూసి బాగుందంటారు. మీరు అడగాల్సిన మాట ఇది: "నాకు షుగర్ ఉంది. చుక్కలు వేసి రెటీనా చూడండి, లేదా ఫండస్ ఫోటో తీయండి." ఈ రెండు వాక్యాలు మా పేషంట్ల చేత రెండుసార్లు పైకి చెప్పించి మరీ పంపిస్తాను.

చూపు బాగుంది కదా అని ఊరుకోకండి. మా అమ్మకీ షుగర్ ఉంది. అరవై రెండేళ్ళ వయసులో కళ్ళజోడు పెట్టుకుని సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తుంది. అయినా రెండేళ్ళ క్రితం ఫోటోలో ఎడమ కంట్లో మూడు ఎర్ర చుక్కలు కనిపించాయి. గుండుసూది మొనతో పెట్టినంత చిన్నవి. సన్న నాళం గోడ బలహీనపడి బుడగలా ఉబ్బితే అలా కనిపిస్తుంది. షుగర్ కంటిని తాకిందనడానికి కంటికి కనిపించే మొదటి గుర్తు చాలామందిలో అదే. జబ్బు బాగా ముదిరినా చూపు మామూలుగానే ఉండొచ్చు. మసక వచ్చాక వెళ్దామనుకుంటే చాలా ఆలస్యమైపోతుంది.

వెళ్ళే రోజు తోడు ఒకరిని తీసుకెళ్ళండి. బండి మీరు నడపొద్దు. చుక్కలు వేశాక కాసేపు మండుతుంది. కనుపాప పెద్దదవడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. ఆ తర్వాత నాలుగైదు గంటలు దగ్గరివి మసగ్గా కనిపిస్తాయి, ఎండలోకి వస్తే కళ్ళు తెరవలేరు. నల్ల కళ్ళజోడో గొడుగో ఉంచుకోండి. మా ఊరి ఎండకి పదకొండు గంటలకి బయటికొచ్చి గేటు దగ్గరే కూలబడిపోయినవాళ్ళని చూశాను. నీటికాసులు (గ్లాకోమా) ఉందని ఎప్పుడైనా చెప్పి ఉంటే చుక్కలు వేయకముందే చెప్పండి. ఇంటికొచ్చాక కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పి, వాంతులు వస్తే అదే రోజు వెనక్కి వెళ్ళాలి. అలా జరగడం అరుదు. అయినా తెలిసి ఉండాలి. కొన్నిచోట్ల చుక్కలు లేకుండానే ఫోటో తీసే కెమెరాలున్నాయి. ఫోటో స్పష్టంగా వస్తే అవీ పనికొస్తాయి. శుక్లం ఉన్నవాళ్ళకి, కనుపాప చిన్నగా ఉండే పెద్దవాళ్ళకి చాలాసార్లు మసగ్గా వస్తుంది. అప్పుడు చుక్కలు తప్పవు.

పల్లెల్లో ఉన్నవాళ్ళు దీనికోసం పట్నం దాకా రానక్కర్లేకపోవచ్చు. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకి రెండు తెలుగు రాష్ట్రాల ఊళ్ళలోనూ విజన్ సెంటర్లు ఉన్నాయి. ముందు ఫోన్ చేసి రెటీనా ఫోటో తీస్తారా అని అడిగి వెళ్ళండి. కొన్నిచోట్ల ఇప్పుడు ఫోటోని కంప్యూటరే చదివి, డాక్టరు చూడాల్సిన అవసరం ఉందో లేదో చెబుతోంది. దీని మీద గూగుల్ పరిశోధకులు 2016లో వేసిన పెద్ద పరిశోధనలో అమెరికా ఫోటోలతో పాటు మన అరవింద్, శంకర నేత్రాలయ ఆసుపత్రుల ఫోటోలు కూడా వాడారు. కంప్యూటర్ చదివిందని భయపడక్కర్లేదు. తేడా ఉందని అది చెబితే మాత్రం తప్పకుండా రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

రిపోర్టులో ఏమి రాస్తారంటే, "నో డీఆర్" అంటే షుగర్ వల్ల తెరకి ఏమీ కాలేదు. "ఎన్‌పీడీఆర్" అంటే నాళాలు చెడుతున్నాయి, కొత్తవి మొలవలేదు. దాని ముందు మైల్డ్, మోడరేట్, సివియర్ అని ఉంటుంది. "పీడీఆర్" అంటే మూసుకుపోయిన నాళాలకి బదులు పలచటి కొత్త నాళాలు మొలిచాయి. ఇవి చిట్లి కంటి నిండా రక్తం చేరవచ్చు. "డీఎంఈ" అంటే చూపుకి ముఖ్యమైన నడిమి భాగంలో నీరు చేరింది. సివియర్, పీడీఆర్, డీఎంఈ, ఈ మూడింటిలో ఏది కనిపించినా పండగ వెళ్ళాక చూద్దాం అనకండి. లేజర్, కంటి ఇంజెక్షన్లు చూపు ఉండగానే చేస్తే చూపుని నిలబెడతాయి. ఫోటో ప్రింటు గానీ ఫోన్‌లో కాపీ గానీ అడిగి తీసుకోండి. వచ్చే ఏడు పక్కన పెట్టి పోల్చడానికి అదే కావాలి.

మూత్రం

కిడ్నీ ఒక్కొక్కదాంట్లో సుమారు పది లక్షల సన్న నాళాల గుచ్ఛాలుంటాయి. రక్తం వడకట్టేది అవే. గోడ దెబ్బతింటే మొదట అల్బుమిన్ అనే ప్రోటీను కొద్దికొద్దిగా మూత్రంలోకి జారుతుంది. కాళ్ళ వాపు, మొహం ఉబ్బు వచ్చేది చాలా తర్వాత.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మామూలు మూత్ర పరీక్షలో "అల్బుమిన్ నిల్" అని వస్తే కిడ్నీ బాగుందనుకుంటారు. మూత్రంలో పట్టీ ముంచి చేసే ఆ పరీక్ష ఎక్కువ ప్రోటీను పోతేనే పట్టుకుంటుంది. తొలి దశ దానికి చిక్కదు. ల్యాబ్‌లో "యూరిన్ ఏసీఆర్" అని అడగండి. అల్బుమిన్ క్రియాటినిన్ రేషియో అన్నమాట. కొన్ని ల్యాబుల్లో "మైక్రోఅల్బుమిన్" అంటే తెలుస్తుంది, కానీ రిపోర్టులో రేషియో ఉండేట్టు చూసుకోండి. నీళ్ళు ఎక్కువ తాగితే మూత్రం పలచనై అల్బుమిన్ అంకె తగ్గినట్టు కనిపిస్తుంది. రేషియోలో ఆ తేడా సరిపోతుంది.

పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం మంచిది. మొదట కొంచెం వదిలేసి, మధ్యలో వచ్చేది డబ్బాలో పట్టండి. గంట, రెండు గంటల్లో ల్యాబ్‌కి చేర్చండి. ముందురోజు బరువులెత్తడం, పరుగెత్తడం వద్దు. తిరుమల మెట్లెక్కి వచ్చిన మర్నాడు ఇవ్వకండి. జ్వరం, మూత్రంలో మంట, నెలసరి ఉంటే తగ్గాక ఇవ్వండి. షుగరో బీపీయో బాగా పెరిగి ఉన్న రోజుల్లో కూడా ఈ అంకె ఊరికే పెరుగుతుంది.

గ్రాముకి 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలే. 30 నుంచి 300 దాకా ఉంటే జల్లెడ కారడం మొదలైంది. 300 దాటితే బాగా కారుతోంది. ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్ళ రిపోర్టుల్లో కొలత వేరుగా ఉంటుంది, అక్కడి 3 అంటే ఇక్కడి 30 అనుకోండి. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని టెన్షన్ పడకండి. మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేయించి, రెండుసార్లు ఎక్కువ వస్తేనే నిజంగా ఉన్నట్టు. అమ్మకి ఒకసారి 46 వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పొద్దున అడిగితే, వారం నుంచి మూత్రానికి వెళ్ళినప్పుడు మంటగా ఉంటోందని అప్పుడు చెప్పింది. ఇన్‌ఫెక్షన్‌కి మందు వాడి, తగ్గాక మళ్ళీ చేయిస్తే 18.

నిజంగానే ఎక్కువని తేలితే అదేమీ చేతులెత్తేయాల్సిన వార్త కాదు. ఈ దశలో కిడ్నీని కాపాడే బీపీ మందులు, షుగర్ మందులు ఉన్నాయి. అందుకే ఇంత ముందుగా వెతకడం. కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ కూడా ఏటా కావాలి. దానికి మాత్రం రక్తం తీయాల్సిందే. మామూలుగా చేయించే షుగర్ టెస్టుతో పాటే ఇస్తే మరో సూది పోటు ఉండదు.

పాదం

దీని గురించి ఎక్కువ రాస్తాను. ఇది ఇంట్లో చేయగలిగిన పరీక్ష, ఖర్చు లేనిది, అయినా అందరూ వదిలేసేది.

ముందు కొన్ని ప్రశ్నలు. నడుస్తుంటే చెప్పు జారిపోయి నాలుగడుగులు వేశాక గానీ తెలియడం లేదా? రాత్రుళ్ళు అరికాళ్ళు మండుతున్నాయా? దుప్పటి తగిలితేనే చురుక్కుమంటోందా? దూది మీదో ఇసుక మీదో నడుస్తున్నట్టు ఉందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పాదం పరీక్ష ఈ వారమే చేయించండి. ఏమీ లేకపోయినా చేయించండి. నాన్నకి మంటల్లేవు, తిమ్మిర్లు లేవు. చెప్పు మాత్రం జారిపోయేది. పాత చెప్పులు వదులైపోయాయని అనుకున్నాం.

ఇంట్లో చేసే పరీక్షకి మీ వేలు చాలు. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ అనే ఊరి డాక్టర్లు దీన్ని రూపొందించారు. పేషంటు మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చోవాలి లేదా పడుకోవాలి. కళ్ళు మూసుకోవాలి. "నేను ముట్టుకున్నప్పుడు కుడి అనో ఎడమ అనో చెప్పండి" అనండి. కుడి ఎడమల్లో తికమక పడేవాళ్ళకి ముందే ఒక్కొక్క మోకాలు తట్టి చూపించండి. తర్వాత మీ చూపుడువేలి కొనతో ఈ వరసలో ముట్టుకోండి: కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, కుడి నడిమివేలు, ఎడమ నడిమివేలు. ఒక్కొక్కటీ ఒకటి రెండు క్షణాలు, ఈక వాలినంత మెల్లగా. నొక్కొద్దు, గోకొద్దు, పొడవొద్దు. ఒక వేలిని ఒక్కసారే ముట్టుకోవాలి. చెప్పకపోతే మళ్ళీ ముట్టుకోకుండా తర్వాతి వేలికి వెళ్ళండి. ఆరింటిలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. క్లినిక్‌లో చూపించాలి.

ఈ పరీక్ష తప్పుగా వచ్చేది ఎక్కువగా మన మాటల వల్లే. ముట్టుకుంటూ "తెలుస్తోందా నాన్నా?" అని అడిగితే "ఆఁ, తెలుస్తోందమ్మా" అంటారు. మనల్ని బాధపెట్టకూడదని అంటారు. మీరు మాట్లాడకూడదు. తనంతట తను చెబితేనే లెక్క.

క్లినిక్‌లో మేం వాడేది మోనోఫిలమెంట్. పెన్నులాంటి పిడికి బిగించిన నైలాన్ తీగ. చర్మం మీద నిటారుగా ఆనించి నొక్కితే సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి దగ్గర వంగుతుంది. వంగగానే ఒకటి రెండు క్షణాలు ఉంచి తీసేస్తాం. బొటనవేలి అడుగున, మునిపాదం అడుగున మూడు చోట్ల చూస్తాం. మీకు చేసేటప్పుడు నాలుగు విషయాలు గమనించండి. ముందు చేతి మీద ఆనించి ఎలా ఉంటుందో చూపించారా? మీ కళ్ళు మూయించారా? ఆనెకాయ మీద కాకుండా దాని పక్కన పెట్టారా? రెండు పాదాలూ చూశారా? ఆనె మీద ఎవరికైనా స్పర్శ తక్కువే. ఇంకో సంగతి, ఆ తీగ అలిసిపోతుంది. ఒకే తీగతో పదిమందికి చేశాక ఒకరోజు పక్కన పెట్టాలి, లేకపోతే తక్కువ ఒత్తిడికే వంగిపోయి లెక్క తప్పుతుంది. క్యాంపుల్లో వందమందికి ఒకే తీగ వాడటం చూసి ఆర్గనైజర్లతో గట్టిగానే మాట్లాడాను. వాళ్ళకి తెలియక చేశారు. తెలిశాక మార్చారు.

దీంతో పాటు కంపనం కూడా చూడాలి. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కుని మోగించి బొటనవేలి ఎముక మీద పెడతారు. జివ్వుమనడం ఎప్పుడు ఆగిందో మీరు చెప్పాలి. బయోథీసియోమీటర్ అనే మెషీన్ ఇదే పని అంకెల్లో చెబుతుంది. 25 వోల్టులు దాటితే గానీ కంపనం తెలియని పాదానికి పుండు పడే ప్రమాదం ఎక్కువ.

స్పర్శ తగ్గిందని తేలితే ఆ రోజు నుంచి ఉత్తకాళ్ళతో నడక బంద్. ఇంట్లో కూడా. గుడికి మధ్యాహ్నం ఎండలో వెళ్ళొద్దు. గుడి ముందు బండలు కాలి బొబ్బలెక్కినా తెలియని పాదాలకి ఎన్నోసార్లు కట్లు కట్టాను. ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు కొనుక్కోండి, లోపలి అట్ట మెత్తగా ఉంటుంది, అడుగున మేకులు ఉండవు. రోజూ రాత్రి అరికాళ్ళ కింద అద్దం పెట్టి చూసుకోండి. చెప్పులు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడమండి. నాన్న ఆ ఒక్క పని చేసి ఉంటే ఆయన వేళ్ళు ఆయనకి ఉండేవి.

మిగతా మెషీన్లు

కాలికీ చేతికీ బీపీ చూసి పోల్చే ఏబీఐ అనే పరీక్ష ఉంది. అది పెద్ద నాళాల కోసం. పాదానికి అదీ కావాలి. కానీ షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్ళలో కాలి నాళాల గోడలు సున్నం పట్టి గట్టిపడతాయి. పట్టీ ఎంత బిగించినా నాళం నొక్కుకుపోదు. దాంతో అంకె 1.4 దాటి, రక్తం బ్రహ్మాండంగా పారుతోందన్నట్టు కనిపిస్తుంది. అలా వస్తే సంతోషపడకుండా కాలి బొటనవేలి బీపీ కూడా చూడమని అడగండి. వేలి నాళాలు అంతగా గట్టిపడవు. ఇక పుండు మానుతుందా లేదా అని చూడటానికి చర్మం మీద చిన్న ఎలక్ట్రోడ్ అంటించి, వెచ్చచేసి, అక్కడి ఆక్సిజన్ కొలుస్తారు. నాన్నకి పెద్ద ఆసుపత్రిలో ఆ పరీక్ష చేశారు. 30 లోపు ఉంటే పుండు మానడం కష్టం. పుండు లేనివాళ్ళకి దీని అవసరం లేదు.

గోటి మొదట్లో ఉండే సన్న నాళాల్ని చూడటం నాకు చాలా ఇష్టమైన పరీక్ష. ఉంగరం వేలి గోటి దగ్గర చర్మం మీద నూనె చుక్క వేసి మైక్రోస్కోపు పెడితే, హెయిర్‌పిన్నులు వరసగా గుచ్చినట్టు నాళాలు కనిపిస్తాయి, వాటిలో రక్తం కదలడం కనిపిస్తుంది. ఒక ట్రైనింగ్‌లో నా వేలినే చూసుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా లాంటి జబ్బుల్లో డాక్టర్లు దీన్ని బాగా వాడతారు. షుగర్‌లో ఈ నాళాలు మెలికలు తిరుగుతాయని గమనించారు గానీ, దాన్ని బట్టి వైద్యం నిర్ణయించే దశ ఇంకా రాలేదు. చర్మం మీద లేజర్ పెట్టి రక్త ప్రవాహం కొలిచే మెషీన్లు కూడా అంతే, ఎక్కువగా పరిశోధనకి. రంగు ఇంజెక్షన్ లేకుండా కంటి నాళాల్ని పొరలు పొరలుగా చూపించే ఓసీటీ ఆంజియోగ్రఫీ మాత్రం పెద్ద కంటి ఆసుపత్రుల్లో ఉంది. అది రెటీనా డాక్టరు రాస్తే చేయించండి. ఏటా చేయించే పరీక్షగా మీకు ఫండస్ ఫోటో చాలు.

కరోనా తర్వాత అందరి ఇళ్ళలో వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ఉంది. అందులో 98 చూపిస్తే సన్న నాళాలు బాగున్నట్టు అనుకోకండి. అది రక్తంలో ఎంత ఆక్సిజన్ ఉందో చెబుతుంది. ఆ రక్తం పాదం చివరిదాకా వెళ్తోందో లేదో చెప్పదు. ఇంకొకటి గట్టిగా చెప్పాలి. చేతిలో ఒక కడ్డీ పట్టుకోమని, రెండు నిమిషాల్లో ఒళ్ళంతా స్కాన్ అయిపోయిందని, నలభై పేజీల రిపోర్టు చేతిలో పెట్టి పొడులు అమ్మేవాళ్ళు ఊళ్ళల్లోకి వస్తున్నారు. అలాంటి రిపోర్టులో "రెటీనా నార్మల్" అని చూసి మూడేళ్ళు కన్ను చూపించుకోని ఒక పెద్దాయన మా దగ్గరికి వచ్చేసరికి ఒక కన్ను పోయింది. కంట్లోకి చూడకుండా రెటీనా సంగతి చెప్పే మెషీన్ లేదు.

వచ్చిన అంకెలతో ఏం చేయాలి

ఒక రూళ్ళ నోట్‌బుక్ పెట్టండి. ఏడాదికి ఒక పేజీ. పైన తేదీ, ఆ రోజు బీపీ, హెచ్‌బీఏ1సీ. కింద కుడి కన్ను, ఎడమ కన్ను విడివిడిగా. తర్వాత ఏసీఆర్ అంకె. పేజీ సగంలో రెండు పాదాల బొమ్మ గీసి, స్పర్శ తెలియని చోట ఇంటూ గుర్తు పెట్టండి. డాక్టరుగారు మారినా, ఊరు మారినా ఈ పుస్తకం మీతో వస్తుంది. కంప్యూటర్ రిపోర్టుల సంచీ తెచ్చేవాళ్ళకన్నా ఇలాంటి నోట్‌బుక్ తెచ్చేవాళ్ళకి మా డాక్టరుగారు రెండు నిమిషాల్లో సంగతి పట్టుకుంటారు.

తేడా కనిపిస్తే కంగారులో షుగర్‌ని ఒక్కసారిగా కిందికి లాగేయాలని చూడకండి. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్ ఇన్సులిన్ మొదలుపెట్టాకో కొత్త ఇంజెక్షన్లు మొదలుపెట్టాకో వేగంగా పడిపోతే, అప్పటికే దెబ్బతిని ఉన్న కంటి తెర కొన్ని నెలలపాటు ఇంకా చెడే అవకాశం ఉంది. దీర్ఘకాలంలో షుగర్ తగ్గడమే కంటికి మంచిది. అందుకని మందు మానొద్దు, మొదలుపెట్టే ముందే రెటీనా చూపించుకోండి. బీపీని వదిలేయకండి. బ్రిటన్‌లో ఏళ్ళ తరబడి జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం 1998లో చూపించింది ఇదే: బీపీని గట్టిగా అదుపులో పెట్టినవాళ్ళలో సన్న నాళాల జబ్బులు 37 శాతం తగ్గాయి. సిగరెట్, బీడీ, చుట్ట పూర్తిగా మానాలి. మా ప్రకాశం పొగాకు పండే జిల్లా కాబట్టి ఈ మాట చెబితే నచ్చనివాళ్ళు ఉంటారు. అయినా ప్రతి ఒక్కరికీ చెబుతూనే ఉన్నాను.

మా ఇంట్లో సంక్రాంతి వెళ్ళాక మొదటి సోమవారం ఈ పనికి పెట్టుకున్నాం. పొద్దున్నే అమ్మ మూత్రం డబ్బా ల్యాబ్‌కి. తొమ్మిదింటికి కంటి ఆసుపత్రి, నేను తోడు. మధ్యాహ్నం తిని పడుకుని లేచాక, సాయంత్రం వసారాలో మంచం వేసి పాదాల పరీక్ష. ఈ ఏడు ఎడమ కంట్లో ఆ మూడు చుక్కలు మూడుగానే ఉన్నాయి. ఏసీఆర్ 21. అమ్మ కళ్ళు మూసుకుని ఆరింటికి ఆరూ చెప్పింది. పక్కన కుర్చీలో కూర్చుని నోట్‌బుక్‌లో పాదాల బొమ్మ గీసింది నాన్న.